మా తమ్ముడి కిడ్నీ

జూన్ 2, సోమవారం

క్రియాటినిన్ ఒకటీ పాయింటు తొమ్మిది. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే అంకె ఇది, ఆరేళ్లుగా ఒకటీ పాయింటు రెండు దగ్గర బుద్ధిగా కూర్చుంది. ల్యాబులో యంత్రం తప్పు చూపించి ఉంటుంది. పాతికేళ్లుగా బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మెషీన్లు బాగుచేస్తున్నదాన్ని, యంత్రాలు ఎలా అబద్ధాలాడతాయో నాకు తెలియదా? రేపు ఇంకో ల్యాబుకి వెళ్తాను.

మా ఆయనకి చెప్పలేదు.

జూన్ 3, మంగళవారం

రెండో ల్యాబులో రెండు.

ఈ ల్యాబు యంత్రం ఇంకా పాతదిలా ఉంది.

జూన్ 4, బుధవారం

యంత్రాలు రెండూ నిజమే చెప్పాయి.

కిడ్నీ డాక్టరమ్మ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. బయట జనం నన్ను తిట్టుకుని ఉంటారు. తిట్టుకోనీ. అర్థం కాకుండా లేవడం నా వల్ల కాదు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు రాసుకుంటాను. మా తమ్ముడి కిడ్నీ నా ఒంటికి పరాయిది. ఆరేళ్లయినా పరాయిదే. దాని మీద ఒళ్లు యుద్ధానికి దిగకుండా రోజూ మందు మింగుతున్నాను. ఇప్పుడు అంకె పెరగడానికి కారణాలు రెండు ఉండొచ్చు. మందు చాలక ఒళ్లు కిడ్నీ మీద పడి ఉండొచ్చు. లేదా మందే ఎక్కువై కిడ్నీని పాడుచేస్తూ ఉండొచ్చు. మొదటిదైతే మందు పెంచాలి, రెండోదైతే తగ్గించాలి. నెత్తురులో మందు ఎంత ఉందో చూస్తే అటూ కాకుండా ఇటూ కాకుండా ఉంది. ఊహించి వైద్యం చేసి ఊహ తప్పితే కిడ్నీ పోతుంది.

వినగానే నాకు భలే అనిపించింది. ఏడవాల్సిన చోట భలే అనిపించడం ఏమిటో! కానీ ఇది నాకు తెలిసిన వ్యవహారమే. దారం ఊరికే తెగుతుంటే బిగువు ఎక్కువైందా, సూది మొన గరుకైందా అనేది పైనుంచి చూసి చెప్పలేం. కుర్ర మెకానిక్కులు ఊహించి స్క్రూ తిప్పేస్తారు. అప్పుడు ఒక్క జబ్బు రెండవుతుంది. మూత తీసి చూడాల్సిందే. ఆ మాటే డాక్టరమ్మతో అంటే, దాన్నే బయాప్సీ అంటారంది. సన్నటి సూదితో కిడ్నీలోంచి రెండు ముక్కలు తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తారు.

ప్రమాదమా అని అడిగాను. దాచకుండా చెప్పింది, అందుకే ఆవిడంటే నాకు ఇష్టం. కిడ్నీ నిండా నెత్తురే కాబట్టి ఎవరికైనా కాస్త కారుతుందట. కొద్దిమందికి మూత్రం ఎర్రగా వస్తుందట, చాలావరకు దానంతటదే ఆగుతుందట. బహుకొద్దిమందికి నెత్తురు ఎక్కించాల్సి వస్తుంది, లేదా కారే నాళాన్ని మూయాల్సి వస్తుంది. కిడ్నీయే పోవడం మరీ అరుదు.

అరుదంటే ఎంత అరుదని అడిగాను. ఆవిడ చేతిలో ఇన్నేళ్లలో ఒక్కటీ పోలేదట. కానీ పోదని సంతకం పెట్టి ఇవ్వలేనంది.

అందరికీ రెండుంటాయి. నాకు పనిచేసేది ఇదొక్కటే. నావి రెండూ వెనక ఎండిపోయి ఉన్నాయి, షాపు మూలన పడేసిన పాత మెషీన్లలాగా.

నెత్తురు పలచన చేసే మాత్ర ఇవాళ్టినుంచి ఆపమంది. వచ్చే బుధవారం బయాప్సీ.

రాత్రి మా ఆయనకి చెప్పాను. ఆయన పొద్దంతా హోటల్లో వంటచేసి, ఇంటికొచ్చి నాకోసం ఉప్పు లేని వంట మళ్లీ చేస్తాడు. చెప్పేసరికి కూరలో గరిటె వదిలేసి, కంగారు పడకు, కంగారు పడకు అన్నాడు. నేను పడటం లేదు. కూర మాడింది.

జూన్ 5, గురువారం

మా తమ్ముడికి చెప్పమంటాడు మా ఆయన. చెప్తాను. అంతా అయ్యాక చెప్తాను. ముందే చెప్పి వాణ్ణి కంగారు పెట్టడం ఎందుకు? వాడికీ పని ఉంటుంది. డ్రైవింగు స్కూల్లో సెలవుల రద్దీ.

జూన్ 8, ఆదివారం

తమ్ముడొచ్చాడు. ఎప్పటిలాగే ఆదివారం వచ్చి కూర్చుని, ఎలా ఉన్నావు అక్కా అన్నాడు. బావున్నాను అన్నాను. ఇంకేం చెప్పను? నువ్విచ్చింది నా దగ్గర పాడవుతోంది రా అని చెప్పనా?

టీవీలో ఏం చూద్దామంటే నీ ఇష్టం అక్కా అన్నాడు. కిటికీ వెయ్యనా అంటే నీ ఇష్టం అన్నాడు. వాడెంత మారిపోయాడో! చిన్నప్పుడు ఇద్దరం నాన్న షాపులోనే పని నేర్చుకున్నాం. పిల్లీ ఎలుకలా ఉండేవాళ్లం. వాడు స్క్రూలు పారేసేవాడు, నేను వీపు మీద ఒక్కటిచ్చేదాన్ని, వాడు నా జుట్టు పట్టుకునేవాడు. పెళ్లిళ్లయ్యాక కూడా ఫోన్లో అరుచుకునేవాళ్లం. ఆపరేషన్ అయిన దగ్గరనుంచి ఒక్కమాట లేదు. కారు తెచ్చి మా గుమ్మానికి అడ్డంగా పెట్టినా నేనేమీ అనను. నేనేమన్నా వాడు కాదనడు.

పెద్దరికం వచ్చింది ఇద్దరికీ. ఇలా ఉంటేనే బావుంది.

ఇలా ఉంటేనే బావుంది.

జూన్ 11, బుధవారం

చెయ్యలేదు. బీపీ నూట డెబ్భై ఉంది.

మళ్లీ చూశారు, నూట డెబ్భై రెండు. పైపులో నీళ్లు ఇంత జోరుగా వస్తుంటే చిల్లు ఎలా పూడుతుందని డాక్టరమ్మ నన్నే అడిగింది. నిజమే. మాత్రలిచ్చి మంచమెక్కించారు. రేపు తగ్గితే రేపు చేస్తారు.

ఏమైనా దిగులుగా ఉందా అని అడిగింది. దిగులేం లేదు, ఆ సూది ఎలా ఉంటుందో చూడాలని మాత్రం ఉందన్నాను. అదేం జబ్బో అన్నట్టు చూసింది.

మధ్యాహ్నం తలుపు దగ్గర తమ్ముడు. మా ఆయనే వరండాలోంచి ఫోన్ చేశాడని మొహం చూస్తేనే తెలిసింది, ఆయన నాకేసి కాకుండా ఫ్యానుకేసి చూస్తున్నాడు. తమ్ముడు డ్రైవింగు స్కూలు చొక్కాతోనే వచ్చేశాడు. ఎందుకు చెప్పలేదని అడుగుతాడనుకున్నాను. అడిగితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. అడగలేదు. ఏం ఫర్వాలేదు అక్కా అని, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సాయంత్రం దాకా కూర్చున్నాడు. అంత సిద్ధం చేసుకున్నదీ వృథా అయింది.

సాయంత్రానికి బీపీ నూట ముప్ఫై. మాత్ర బాగా పనిచేసిందంది నర్సు. మాత్రే.

జూన్ 12, గురువారం

పడుకునే రాస్తున్నాను, అక్షరాలు ఎలా వస్తే అలా. లేవకూడదు. నెత్తురు కారకుండా పొట్ట మీద ఇసుక సంచి పెట్టారు.

అయిపోయింది. మర్చిపోకముందే రాసెయ్యాలి.

సొంత కిడ్నీ అయితే బోర్లా పడుకోబెట్టి వీపులోంచి తీస్తారట, ఊపిరి బిగబట్టమంటారట. పక్క మంచం ఆవిడ నిన్న నన్ను కూర్చోబెట్టి మరీ ఊపిరి బిగబట్టడం నేర్పింది. తీరా చూస్తే నాకు ఆ పనే లేదు. నాది ముందువైపు, కుడి పొత్తికడుపులో చర్మం కిందే ఉంటుంది, ఊపిరికి కదలదు. వెల్లకిలా పడుకుని స్క్రీన్ చూస్తూ చేయించుకోవచ్చు. ఎంత అదృష్టం!

ముందు స్కాన్ పెట్టి చోటు గుర్తు పెట్టుకుంటారు. తలుపు దగ్గర తచ్చాడుతున్న తమ్ముణ్ణి చూసి డాక్టరమ్మ, ఇచ్చింది మీరేనా, రండి చూద్దురుగాని, గుర్తు పెట్టాక మాత్రం బయటికెళ్లాలి అంది. వాడొచ్చి నా తల దగ్గర నిలబడ్డాడు. చల్లటి జెల్లీ రాసి యంత్రం ఆనించగానే బూడిదరంగు తెర మీద చిక్కుడు గింజలాగా అది కనిపించింది. రంగు వేస్తే ఎరుపూ నీలం పాయలు కొట్టుకుంటూ కనిపించాయి. ముప్ఫై ఏళ్లకు పైగా వాడి ఒంట్లో ఉంది, వాడెప్పుడూ చూడలేదు. ఆరేళ్లుగా నా ఒంట్లో ఉంది, నేను పరీక్షలకొచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. వాడు నోరు తెరుచుకుని చూశాడు.

"ఇదేనా?" అన్నాడు. "పెద్దదిగా ఉందే."

ఒక్కటే రెండిటి పనీ చేస్తోంది కాబట్టి కాస్త పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. దానికి తిండి బాగా పెడుతున్నారన్నమాట అన్నాడు. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వితే యంత్రం కదులుతుందని ఆపుకున్నాను. డాక్టరమ్మ పెన్నుతో గుర్తు పెడుతుంటే కింద చప్పుడైంది. చూస్తే, వాడి కుడికాలు నేలని తొక్కుతోంది. డ్రైవింగు నేర్పేవాళ్ల కార్లో వాళ్లవైపు కూడా బ్రేకు ఉంటుంది. ఎదురుగా ఏదొచ్చినా వాడి కాలు దానంతటదే పోతుంది. లేని బ్రేకు తొక్కుతూనే బయటికెళ్లాడు.

ఇక సూది. నేను అడగకముందే డాక్టరమ్మ చూపించింది. చప్పుడుకి అదిరిపడకూడదని గాల్లో ఒకసారి పేల్చి వినిపిస్తారట. టక్. స్టేప్లర్ చప్పుడులా ఉంది. ఇంకోసారి చూపించమన్నాను. చూపించింది. లోపలి సూదికి మొన దగ్గర చిన్న గాడి ఉంది. స్ప్రింగు వదలగానే అది ముందుకి దూకుతుంది, దాని వెనకే బయటి గొట్టం దూకి గాడిలో ఇరుక్కున్నదాన్ని కోసేస్తుంది. రెండు దూకుళ్లు, రెప్పపాటులో. మా మెషీన్లో సూది కిందికి దిగాక హుక్ వచ్చి దారం పట్టుకున్నట్టే, ఇది మాత్రం కుట్టదు, కోస్తుంది. టైమింగ్ ఎవరు కట్టారో గానీ వాళ్ల చేతులు చల్లగుండాలి. మళ్లీ ఎన్నిసార్లు వాడతారని అడిగితే ఒక్క మనిషికే అంది. అంత మంచి స్ప్రింగు చెత్తబుట్టలోకా? అయ్యాక నాకిచ్చెయ్యమన్నాను. ఇవ్వకూడదట.

మత్తు సూది మాత్రం మండింది. ఆ తర్వాత అంతా నొక్కినట్టే ఉంది. తెర మీద తెల్లటి గీత దిగడం చూశాను. టక్. ఇంకోసారి టక్. ముక్కలు చూపించమంటే చూపించింది. మామూలు కుట్టుదారం కంటే కాస్త లావు, వేలి గోరంత పొడవు. చివర లేత ఎరుపు. మా తమ్ముడివి రెండు దారప్పోగులు. పక్కనున్న ల్యాబు ఆయన వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి, నెత్తుర్ని వడపోసే గుత్తులు ముక్కల్లో చాలినన్ని పడ్డాయన్నాడు. చాలకపోతే మూడోసారి గుచ్చేవాళ్లు.

ఇప్పుడు సంచి బరువు, కదలకూడదు. ముక్కు దురద పెడితే మా ఆయన గోకాడు, తప్పు చోట. మూత్రం పోసిన సీసాలన్నీ కిటికీ గట్టు మీద వరసగా పెట్టారు, రంగు పలచబడుతోందా లేదా చూడటానికి. మొదటిది గులాబీ రంగు. రెండోది చూస్తే అవునా కాదా అన్నట్టుంది. మూడోది మామూలు. వచ్చినవాళ్లు నన్ను కాదు, ముందు సీసాల్ని పలకరిస్తున్నారు.

జూన్ 13, శుక్రవారం

ఇంటికొచ్చాను. రెండు వారాలు బరువులెత్తకూడదు, వంగి పనిచెయ్యకూడదు, మూత్రం ఎర్రగా వస్తే పరుగెత్తుకుని రావాలి. అన్ని రోజులయ్యాక కూడా రావచ్చా అని అడిగాను. రావచ్చట, సూది వెళ్లిన దారి పూర్తిగా మానే దాకా.

తమ్ముడు దింపి వెళ్లాడు. గతుకుల దగ్గర కారు నడుస్తోందా లేదా అన్నట్టు నడిపాడు. వెనక లారీవాడు హారన్ మోగిస్తుంటే వాడికి పట్టనే లేదు.

జూన్ 16, సోమవారం

మందే ఎక్కువైంది!

ఒళ్లు కిడ్నీ మీద దాడేమీ చెయ్యలేదు. వడపోత గుత్తులు చాలావరకు బాగున్నాయి. సన్ననాళాలు మందు వల్ల బిగుసుకున్నాయి. మందు తగ్గించారు. ఊహించి పెంచి ఉంటే ఏమయ్యేదని అడిగాను. డాక్టరమ్మ అరచెయ్యి బోర్లా తిప్పి చూపించింది.

సంతోషంగా ఉంది. ఎంత సంతోషంగా ఉందంటే మా ఆయన కూరలో ఉప్పు లేదనే సంగతే గమనించలేదు. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. మంచిది అక్కా అన్నాడు. ఇంకా ఏమైనా అంటాడేమోనని చెవి దగ్గర పెట్టుకునే ఉన్నాను. జాగ్రత్త అక్కా అన్నాడు.

జూన్ 20, శుక్రవారం

ఒకటీ పాయింటు ఏడు. దిగుతోంది.

ఫ్యాక్టరీకి వెళ్లాను. పని చెయ్యను, చూస్తానంతే. కుర్చీలో కూర్చుని చెప్తే చిన్న మెకానిక్కులు చేస్తారు. ఇంట్లో కూర్చుని గోడల్ని చూస్తుంటే గోడలకే విసుగొస్తోంది.

జూన్ 23, సోమవారం

ఎత్తలేదు. వంచానంతే.

మధ్యాహ్నం పద్నాలుగో మెషీను కుట్లు తప్పించడం మొదలెట్టింది. చొక్కా కాలర్లు కుట్టే పిల్ల అక్కడ కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది, ఆమె ముందూ వెనకా వరసంతా ఆగిపోయింది. చిన్నవాళ్లిద్దరూ సూది మార్చారు, బిగువు మార్చారు, చూస్తుంటే నాకు వేళ్లు జివ్వుమన్నాయి. అది హుక్ దగ్గరి లోపమని దూరంనుంచే తెలుస్తోంది. హుక్ చూడాలంటే మెషీను పైభాగం, అదే హెడ్, వెనక్కి వంచాలి, హుక్ దాని కింద ఉంటుంది. రోజుకి యాభైసార్లు చేసే పని. ఎత్తడమంటే మోసుకెళ్లడం. వంచడమంటే కీళ్ల మీద వెనక్కి తిప్పి నడుముతో ఆనించి పట్టుకోవడం. దాన్ని ఎవరూ బరువనరు. మా నాన్న కూడా అనలేదు.

బల్ల అంచు పొట్టకి కాస్త తగిలింది.

మెషీను బాగైంది. స్క్రూ వదులైంది అంతే.

జూన్ 24, మంగళవారం

పొద్దున కొంచెం రంగు.

నిన్న బీట్‌రూట్ తిన్నాను.

మా ఆయన బీట్‌రూట్ చెయ్యలేదట. అయితే మొన్న తిని ఉంటాను.

జూన్ 28, శనివారం

మూడు రోజులు రాయలేదు. ఇప్పుడు వార్డులో దిండుకి ఆనుకుని కూర్చోగలుగుతున్నాను.

మంగళవారం మధ్యాహ్నానికి బీట్‌రూట్ అనే మాట అనుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది. ఎర్రగా, ఆ తర్వాత గడ్డలు గడ్డలుగా. ఆ తర్వాత అసలు రాదు. గడ్డలు అడ్డుపడి మూత్రం ఆగిపోయి పొట్ట రాయిలా బిగిసింది. ఫ్యాక్టరీ వ్యానులోనే తీసుకొచ్చారు. లావు గొట్టం వేసి లోపలంతా కడిగారు. అప్పుడు కిటికీ గట్టు మీద సీసాలు పెట్టే ఆట ఏమీ లేదు, బకెట్టే. నెత్తురు రెండు సంచులు ఎక్కించారు. భయమేసింది. నిజంగా భయమేసింది, ఇక్కడ రాసుకుంటే ఎవరు చూస్తారు గనక. చస్తానని కాదు, ఇది పోతుందని. పోతే వాడి మొహం ఎలా చూడను అనే మాట తప్ప ఇంకో మాట లేదు బుర్రలో.

స్కాన్ పెడితే నెత్తురు పారే చప్పుడు వినిపించింది, హుస్సు హుస్సుమని, ఆగకుండా. సూది వెళ్లిన దారిలో నెత్తురు తెచ్చే నాళమూ తీసుకెళ్లే నాళమూ ఒకదానితో ఒకటి అతుక్కుపోయాయట. చాలామందిలో ఇది తెలియకుండానే వచ్చి తెలియకుండానే పూడిపోతుందట. నాది పూడలేదు, తెగింది.

డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి, బరువులేమైనా ఎత్తారా అని అడిగింది.

లేదన్నాను. నిజమే చెప్పాను కదా.

మంచం కాళ్ల దగ్గర తమ్ముడున్నాడు. తల పక్కకి వంచి నన్నే చూస్తున్నాడు. నాన్న షాపులో పెరిగినవాడు.

"మెషీను వంచావా?" అన్నాడు.

నేను పైకప్పు చూశాను.

"అక్కా. వంచావా?"

"వంచడం అంటే ఎత్తడం కాదు" అన్నాను.

ఇక మొదలైంది. వాడి గొంతులో అంత గొంతు ఉందని నేను మర్చిపోయాను. పుట్టిన దగ్గరనుంచీ నాది మంకుపట్టేనన్నాడు, పదేళ్లప్పుడు జ్వరంతో షాపుకొచ్చి కళ్లు తిరిగి పడ్డానన్నాడు, ప్రపంచంలో మెషీన్లు బాగుచేసేది నేనొక్కదాన్నే అనుకుంటానన్నాడు, ముప్ఫై కిలోల ఇనుముని పొట్టకి ఆనించి పట్టుకుని ఎత్తలేదంటే దేవుడు కూడా నవ్వుతాడన్నాడు. పక్క మంచాలన్నీ లేచి కూర్చున్నాయి. నర్సు వచ్చి కోప్పడింది. మా ఆయన తలుపు దాకా వచ్చి, తిరిగి వెళ్లిపోయాడు.

గొట్టాలతో ఉన్నదాన్ని ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. నా పని నేను చేసుకోకూడదా అన్నాను. అని, ఇంకా ఆగకుండా, నీ కిడ్నీ పెట్టుకున్నాను కాబట్టి సూది మార్చాలన్నా నీ దగ్గర సెలవు తీసుకోవాలా అన్నాను.

నోట్లోంచి వచ్చేసిందాన్ని ఏం చెయ్యను?

వాడు ఈసారి చిన్నగా అన్నాడు.

"నా కిడ్నీ అని నేనెప్పుడన్నానే అక్కా? నువ్వే అంటావు. అద్దింట్లో ఉన్నట్టు గోడకి మేకు కొట్టాలన్నా నా మొహం చూస్తావు. అంకె పెరిగిందని నాకు చెప్పలేదు, ఇంటాయన కోప్పడతాడని. ఒక్కమాట గట్టిగా అంటే ఇచ్చాడు కాబట్టి అంటున్నాడనుకుంటావని, ఆరేళ్లుగా నోరు కట్టేసుకుని చస్తున్నాను. నాకు నిన్ను తిట్టాలని ఎంత ఉంటుందో తెలుసా నీకు?"

ఏడ్చాను. వాడూ ఏడ్చాడు, కిటికీ వైపు తిరిగి, జలుబు చేసినట్టు. డాక్టరమ్మ అంతసేపూ అక్కడే ఉంది, చేతులు కట్టుకుని. మా ఇద్దరి దగ్గరా నీళ్లు అయిపోయాక, పని మాట్లాడదామా అంది.

కారడం ఆగడం లేదు. తొడలోంచి సన్నటి గొట్టం పంపి కిడ్నీ లోపలిదాకా వెళ్లి, ఆ నాళంలో చిన్న తీగచుట్ట పెట్టి మూసెయ్యాలి. మూస్తే ఆ నాళం తడిపే మూల, కిడ్నీలో ఒక చిన్న ముక్క, ఎండిపోతుంది. మిగతాది బతుకుతుందనే నమ్మకం ఉంది. మూయకపోతే మొత్తం కిడ్నీ మీదికే రావచ్చు. సరేనా అని అడిగింది.

అలవాటుగా తమ్ముడికేసి చూశాను. చూస్తున్నానని వాడికి తెలుసు. తిరగలేదు. చొక్కా వీపు కనిపిస్తోంది, మెడ కనిపిస్తోంది. కావాలనే తిరగలేదు. అంతసేపు ఎదురుచూసినా తిరగలేదు.

చెయ్యండి అన్నాను.

బుధవారం చేశారు. మెలకువగానే ఉన్నాను. రంగు మందు వదలగానే తెర మీద కిడ్నీలో నాళాలన్నీ ఆకులు రాలిన చెట్టు కొమ్మల్లా విచ్చుకున్నాయి, ఒక్క కొమ్మ చివర మాత్రం పొగలాగా చెదిరిపోతోంది. అదే కారే చోటు. ఎంత అందంగా ఉందో, ఎంత పాడుగా ఉందో! తీగచుట్ట చూపించమన్నాను. జుట్టంత సన్నం, వదిలితే తనంతట తనే చుట్టుకుంటుంది. అది కొమ్మలో దిగి చుట్టుకోగానే పొగ ఆగిపోయింది. ఆ కొమ్మ తెర మీంచి మాయమైంది. అది బతికున్న ముక్కే కదా, పాపం. ఇంతకు ముందైతే వాడి ముక్క అనేదాన్నేమో. నా పొట్టలో నొప్పి రెండ్రోజులుంది.

వంచడం వల్లే అయిందా అని డాక్టరమ్మని తర్వాత అడిగాను. ఖాయంగా చెప్పలేమంది. వంచకపోయినా కారి ఉండొచ్చట. వంచడం మాత్రం మంచిపని కాదంది. ఈ సగం జవాబు తమ్ముడికి చెప్పలేదు, దాన్ని వాడుకుంటాడు.

జులై 2, బుధవారం

ఇల్లు. అంకె ఒకటీ పాయింటు ఆరు. ముక్క పోయినా ఇంతే ఉందంటే మిగతాది కష్టపడుతోందన్నమాట.

తమ్ముడు ఇంటికొచ్చి, మంచం కింద నా పనిముట్ల పెట్టె చూసి కారులో పెట్టుకుని తీసుకుపోయాడు. దొంగ వెధవ అన్నాను. వినిపించేటట్టే అన్నాను.

జులై 6, ఆదివారం

టీవీ రిమోటు వాడే పట్టుకున్నాడు. నీ ఇష్టం అనలేదు. వాడికి నచ్చింది పెట్టుకుని, నాకు కనపడకుండా మధ్యలో కూర్చున్నాడు. వెళ్లేముందు మా ఆయన కూరకి వంక పెట్టాడు. ఆయనకి కోపమొచ్చింది. ఇల్లు ఇల్లులా ఉంది.

జులై 11, శుక్రవారం

ఒకటీ పాయింటు నాలుగు. ఇక ఇక్కడే ఆగినా చాలంది డాక్టరమ్మ.

సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి, సోమవారం ఫ్యాక్టరీకి వెళ్తున్నానన్నాను. వెళ్లడానికి వీల్లేదన్నాడు. డాక్టరమ్మ వెళ్లమంది అన్నాను. డాక్టరమ్మకి నీ సంగతి తెలియదు, నాకు తెలుసు అన్నాడు. వంచను, ఎత్తను, ముట్టుకోను, చూస్తాను అన్నాను. నువ్వు చూస్తావని నేను నమ్మాలా అన్నాడు. నా కిడ్నీ నా ఇష్టం అన్నాను.

ఠక్కున ఫోన్ పెట్టేశాడు. నా మాట పూర్తికాకుండానే.

ఎంత పొగరు! ఆరేళ్లుగా ఎక్కడ దాచుకున్నాడో. చెయ్యను, నేను మాత్రం చెయ్యను. వాడే చెయ్యాలి ముందు.

జులై 12, శనివారం

పొద్దున్నుంచి చెయ్యలేదు. ఫోన్ పనిచేస్తోందో లేదో మా ఆయన చేత రెండుసార్లు చేయించి చూశాను. పనిచేస్తోంది.

జులై 13, ఆదివారం

చేశాడు. తియ్యలేదు.

రెండోసారి చేస్తే తీశాను.